కాజాల తాత, మా టైలర్ల సందు

బొగ్గుల ఇస్త్రీ పెట్టె తడి గుడ్డ మీద పడినప్పుడు వచ్చే వాసన మీకు గుర్తుందా? కొంచెం పొగ, కొంచెం గంజి, వాటి అడుగున ఎక్కడో వాన పడ్డ మట్టి. మొన్న విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆటో దిగి మా పాత సందులోకి తిరగ్గానే ఆ వాసన తగిలింది. తోపుడుబండి మీద ఒకావిడ లుంగీ ఇస్త్రీ చేస్తోంది. ఊరికే నిలబడిపోయాను. "ఏటమ్మా, బట్టలున్నాయేటి?" అని అడిగింది. లేవని చెప్పి ముందుకి నడిచాను.

వెళ్లింది కాజాల తాత దినానికి. ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో, కింద పేరు. ఓహో, ఈయన పేరు ఇదా అనుకున్నాను. బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసిన మనిషి, పేరు తెలియడానికి ఆయన పోవాల్సి వచ్చింది. మా సందులో అందరికీ పనిని బట్టే పిలుపు. షర్టుల మీద బొత్తాం దూరే కాజాలు వేసే కాజాల తాత, బొత్తాల బాబాయి, రంగుల మావ, సైకిల్ మీద సాన పట్టే సాన మావ. మా నాన్న షర్టులు కుట్టే మాస్టారు. ఎదురుగా ప్యాంట్లు కుట్టే ఆయన కూడా మాస్టారే కాబట్టి ఆయన్ని ఎదురు మాస్టారు అనేవాళ్లం. వాళ్లింట్లో మా నాన్నే ఎదురు మాస్టారట. ఆ సంగతి నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు.

*

నాన్నకి కొట్టంటూ లేదు. బట్టల కొట్టు అరుగు మీద ఒక ఉషా మిషను, ఒక కటింగ్ బల్ల, వెనక గోడకి వరసగా మేకులు. అంతే. అద్దె డబ్బు ఇచ్చిన గుర్తు నాకు లేదు. షావుకారు గారింట్లో ఎవరికి ఏం కుట్టినా కూలి తీసుకోకపోవడమే అద్దె. గుడ్డ కొన్నవాళ్లు లేవబోతుంటే షావుకారు, "మాస్టారు ఇక్కడే ఉన్నారు, కొలతలిచ్చీసి వెళ్లండి" అనేవారు. కొలతలు తీసుకున్నాక నాన్న, "ఈ పన్నాకి ఇది సరిపోదు బాబూ, ఇంకో పావు మీటరు కావాలి" అనేవాడు. వాళ్లు మళ్లీ లోపలికే వెళ్లేవారు. ఎవరి వల్ల ఎవరు బతుకుతున్నారో విడదీసి చెప్పడం కష్టం.

బడి వదలగానే నా పని పరుగులు. కాలరుకి బక్రం, ఎదురు మాస్టారుకి జిప్పులు, దారం ఉండలు, బొత్తాలు. బొత్తాల బాబాయి కొట్టు మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. లోపల ఏ బొత్తాలుంటాయో అలాంటిదే ఒకటి సొరుగు మీద అంటించి ఉండేది. పేర్లు, నంబర్లు ఏమీ లేవు. నేను గుడ్డముక్క చూపిస్తే ఆయన దాన్ని పట్టుకుని, దారాల పెట్టె చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చేవాడు. ఎండలో నాలుగు దారాలు ఆ ముక్క మీద వేసి చూసేవాడు.

"ట్యూబులైటు అబద్ధమాడతాది గుంటా. ఎండలో సూడాల."

ఒక్క బొత్తాం కావాలన్నా అట్ట నుంచి కత్తిరించి ఇచ్చేవాడు. ఒక్కోసారి డబ్బులు కూడా తీసుకునేవాడు కాదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ కొట్టు మా నాన్నకి గోడౌను. ఆయన దగ్గర నిలవ సరుకు ఉండేదే కాదు. ఏ షర్టు కట్ చేస్తే దానికి కావల్సిన దారం, బొత్తాలు అప్పుడే నాచేత తెప్పించేవాడు. ఒక మిషను, ఒక కత్తెర, ఇరవై అడుగుల దూరంలో బొత్తాల బాబాయి. ఈ పెట్టుబడితోనే మా ముగ్గురినీ చదివించాడు. అదే టైలరు ఊరి చివర కొట్టు పెట్టుకుని ఉంటే అన్ని రంగుల దారాలూ అప్పు చేసి కొని పెట్టుకోవాల్సిందే.

రంగుల మావది పక్క సందు. పెరట్లో పొయ్యిల మీద కాగులు. చీరకి తగ్గట్టు లంగా గుడ్డకి, లైనింగుకి, ఫాల్‌కి రంగు వేసేవాడు. మోచేతుల దాకా ఏ రోజు రంగు ఆ రోజు ఉండేది. పెళ్లిళ్ల సీజన్లో ఆయన చేతులు చూసి, ఈ వారం ఎవరో చిలకపచ్చ కట్టబోతున్నారని మా అప్ప, అంటే మా అక్క, చెప్పేసేది.

ఇంక మోతలు. సందంతా మిషన్ల మోత. అవన్నీ కాలితో తొక్కేవే కాబట్టి కరెంటు పోయినా ఆగేవి కావు. ఒకేసారి చీకటి పడేది, ఒక్క క్షణం అన్నీ ఆగేవి, లాంతర్లు వెలగగానే ఒక్కొక్కటీ మళ్లీ అందుకునేవి. కళ్లు మూసుకుని ఏది నాన్న మిషనో చెప్పగలిగేదాన్ని. నాన్నది కాలరు మలుపు దగ్గర నెమ్మదించేది. ఎదురు మాస్టారుది ప్యాంటు కాలు పొడుగునా ఒకే ఊపులో పోయేది. వాళ్లిద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. నాన్న దగ్గరికి వచ్చిన ప్యాంట్లు ఆయనకి, ఆయన దగ్గరికి వచ్చిన షర్టులు నాన్నకి. గిరాకీకి ఈ సంగతి తెలియదు. ఒకే పని పదేళ్లు చేసినవాడి చేతికి వచ్చే శుభ్రం రెండూ కుట్టేవాడికి రాదని నాన్న నమ్మకం.

*

మరీ రామరాజ్యం అనుకోకండి. దసరా ముందు టీ కొట్టు దగ్గర అందరూ చేరి కుట్టుకూలి ఎంతో తేల్చేవారు. దానికి తగ్గించి కుట్టినవాడితో నెల్లాళ్లు ఎవరూ మాట్లాడేవారు కాదు. కూలి ఎగ్గొట్టిన పెద్దమనిషి పేరు ఆ సాయంత్రానికల్లా సందంతా తెలిసిపోయేది. తర్వాత ఆయన ఏ అరుగెక్కినా "ఇప్పుడు ఖాళీ లేదండి" అనే సమాధానమే. కోర్టులూ నోటీసులూ లేకుండా బాకీలు అలాగే వసూలయ్యేవి. ఒకసారి నాన్న కత్తెర పోతే, దొరికేదాకా ముగ్గురి మీద అనుమానం. అది మా ఇంట్లోనే మంచం కింద దొరికింది. నాన్న ఆ ముగ్గురికీ టీ ఇప్పించాడు గాని ఎందుకో చెప్పలేదు.

నాన్న దగ్గర కుర్రాళ్లు పని నేర్చుకునేవారు. మొదట ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేయడం, ఆ తర్వాత అంచులకి చేతికుట్టు. జూన్లో బడి యూనిఫారాలు వచ్చినప్పుడు ఖాకీ నిక్కర్లు. వాటి మీద చెయ్యి తిరిగితేనే షర్టు. కాలరు మాత్రం చిట్టచివర. అలా నేర్చుకున్న ఒకడు, ఆషాఢంలో పనుల్లేక అందరూ ఈగలు తోలుకుంటున్నప్పుడు, మాకు మూడు కొట్ల అవతల సొంతంగా మిషను వేశాడు. అమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ఊళ్లో ఇంకెక్కడా చోటే లేనట్టు మన కళ్లెదురుగానే పెట్టాలేటి?"

"ఊరి చివర పెడితే ఆడి దగ్గిరికి ఎవులొస్తారే? పది కొట్లున్న కాడికే గదా జనం వస్తారు" అన్నాడు నాన్న. కాసేపాగి, "ఆడికోసం వచ్చినోళ్లలో ఇద్దరు మన్నీ సూస్తారు" అన్నాడు. ప్రారంభానికి కొబ్బరికాయ కొట్టింది కూడా ఆయనే.

డిగ్రీలో ఎకనామిక్స్ మేడమ్ ఒకరోజు ఆల్‌ఫ్రెడ్ మార్షల్ గురించి చెప్పారు. ఇంగ్లండులో ఒక్కో ఊరు ఒక్కో పనికి పేరుపడటం ఎందుకో ఆయన 1890లోనే రాశాడట. ఒకే పనివాళ్లు ఒకచోట చేరితే పనితెలిసిన చేతులు దొరుకుతాయి, సామాను అమ్మేవాళ్లు అక్కడికే వస్తారు, పని గుట్టు గుట్టుగా మిగలక గాల్లో కలిసిపోతుంది, పిల్లలు తమకి తెలియకుండానే దాన్ని నేర్చేసుకుంటారు. నాకు నవ్వొచ్చింది. మేడమ్ ఎందుకని అడిగితే ఏమీ లేదన్నాను. టైలరు కూతుర్నని కాలేజీలో ఎవరికీ చెప్పలేదు అప్పటికి. ఆ సిగ్గు గురించి ఇంకోసారి రాస్తాను.

*

నాన్నకి ఒక ప్లీడరు గారు ఖాతా. ఆయన పొందూరు సన్న ఖద్దరు తప్ప వేసుకునేవారు కాదు. ఆ గుడ్డ తేవడానికి నాన్న పొందూరు వెళ్తూ ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. పాసింజరు బండిలో కిటికీ సీటు, వేయించిన వేరుశనగలు, అదో పండగ.

అక్కడి ఇళ్ల వసారాల్లో ఆడవాళ్లు కూర్చుని పత్తి పని చేస్తున్నారు. ఒక మామ్మ చేతిలో ఏదో ఎముక లాంటిది కనబడింది. వాలుగ చేప దవడ. దానికి వెంట్రుకల్లాంటి సన్నటి పళ్లు. మామ్మ ఒక్కో పత్తిగింజనీ వేళ్ల మధ్య పట్టుకుని, దాని చుట్టూ ఉన్న దూదిని ఆ దవడతో దువ్వుతోంది, చంటిపిల్ల తల దువ్వినట్టు. నలుసులన్నీ రాలిపోయి దూది వెంట్రుకల్లా నిలబడుతోంది. తర్వాత చెక్క మీద సన్నటి ఇనప కడ్డీ దొర్లించి గింజ తీయడం, చిన్న వింటితో ఏకడం, ఏకులు చుట్టి నలిగిపోకుండా అరటి దొప్పలో దాచడం. ఆ తర్వాతే రాట్నం. నూరో నంబరు నూలు, అంటే అతి సన్నటిది, అలా చేత్తోనే వడుకుతారు. పట్టుకుని చూడమని నాకు ఒక పోగు ఇచ్చారు. పట్టుకున్నానో లేదో నాకే తెలియలేదు.

ఈ ఖద్దరు సంగతి తెలిసి గాంధీగారు 1921లో తన కొడుకు దేవదాస్‌ని చూసి రమ్మని పొందూరు పంపారని వాళ్లు నిన్నో మొన్నో జరిగినట్టు చెప్పారు. అక్కినేని నాగేశ్వరరావు గారి పంచెలూ పొందూరువేనని కూడా. నేను చూసేనాటికి పనంతా సంఘం మీదుగా నడిచేది. 1949లో పెట్టిన ఆంధ్రా సన్న ఖాదీ సంఘం అది. సంఘం పత్తి ఇస్తుంది, ఇళ్ల నుంచి నూలు చిలపలు తీసుకుంటుంది, వాటిని నేతగాళ్లకి ఇస్తుంది, నేసిన గుడ్డ మళ్లీ సంఘానికే వస్తుంది. వడికేవాళ్లు, నేసేవాళ్లు ఎవరిళ్లల్లో వాళ్లు. వీధే కార్ఖానా. మా సందులో ఆ సంఘం లాంటిది లేదు. మాకు ఉన్నది టీ కొట్టే.

ప్లీడరు గారి గుడ్డ బల్ల మీద పరిచే ముందు నాన్న సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. కొలతలు రెండుసార్లు చూసుకునేవాడు. కత్తెర పెట్టే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేవాడు. పెళ్లికొడుకు సూటు గుడ్డకి కూడా అంత మర్యాద దక్కడం నేను చూడలేదు.

*

కాజాల తాత గురించి చెప్పకుండా ఎక్కడెక్కడికో పోతున్నాను.

ఆయనకి మిషను లేదు. మా అరుగు చివర ఒక గోనెపట్టా, చింతచెక్క దిమ్మ, చిన్న ఉలి, సూది, మైనం ముద్ద. సందులో కుట్టిన షర్టులన్నీ చివరికి ఆయన ముందుకే రావాలి. దిమ్మ మీద గుడ్డ పెట్టి ఉలితో ఒక్క పోటు, గాటు పడేది. దారాన్ని రెండు పేటలు చేసి మైనం మీద లాగేవాడు. ఏళ్ల తరబడి లాగి లాగి ఆ ముద్ద మీద గీతలు పడిపోయాయి, అరచేతి గీతల్లాగే. గాటు అంచున సూది దింపి, దారం సూది చుట్టూ ఒక చుట్టు తిప్పి పైకి లాగితే ముడి సరిగ్గా అంచు మీద కూర్చునేది. దాని పక్కనే ఇంకోటి. ముళ్లన్నీ తిరిగొచ్చాక చివర ఒక అడ్డకుట్టు. హాఫ్ చేతుల షర్టుకి ఆరు కాజాలు, ఫుల్ చేతులకి ఎనిమిది. లెక్క కాజాకింత. బహుశా సందు మొత్తంలో తక్కువ కూలి ఆయనదే.

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. ముందురోజు తొలేళ్లు. ఊళ్లో ప్రతి ఇంటికీ ఆడపిల్లలు, అల్లుళ్లు, చుట్టాలు దిగుతారు. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి బట్టలిచ్చి వెళ్లేవారు. రెండు వారాల ముందే "ఆర్డర్లు తీసుకోము" అని అట్టముక్క వేలాడదీసినా ఎవరూ వినేవారు కాదు.

ఒక ఏడు తొలేళ్లకి ముందు రాత్రి కాజాల తాతకి జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. అప్పటికి మా మేకులకే నలభై షర్టులు వేలాడుతున్నాయి. కాలరు, జేబు, చేతులు అన్నీ అయ్యాయి, కాజాల్లేవు. ఎదురు వరస కొట్లలో ఇంకెన్నో. అన్నేళ్ల తర్వాత ఆ రాత్రి అందరికీ తెలిసొచ్చింది, తొమ్మిది మిషన్లూ ఆ గోనెపట్టా మీదే నడుస్తున్నాయని. నాన్న, ఎదురు మాస్టారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరికి షర్టుల మూటలన్నీ తాత ఇంటికే పట్టుకెళ్లారు. అమ్మ, అప్ప, నేను, ఎదురు మాస్టారి భార్య, బొత్తాల బాబాయి కూతుళ్లు, అందరం సూదులు పట్టుకున్నాం. తాత దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వేసిన ప్రతి కాజా ఆయన చేతికి వెళ్లాలి. బొటనవేలు పెట్టి తడిమి చూసేవాడు. నాది చూసి, "ఇది కాజా కాదే గుంటా, ఎలక కొరికినట్టున్నాది" అన్నాడు. విప్పి మళ్లీ వేయించాడు. మూడోసారికి ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. ఆయన నోటి నుంచి దానికి మించిన మెప్పు రాదు.

తెల్లారేసరికి అయిపోయాయి. నేను వేసిన కాజాల్లో ఒకటి సిరిమాను తిరుగుతుండగానే విడిపోయిందట. ఆ షర్టాయన మర్నాడు వచ్చి నాన్నని నానా మాటలూ అన్నాడు. అది ఎవరు వేసిందో నాన్నకి తెలుసు. నా వైపు చూడలేదు.

*

పెళ్లయ్యాక మావారి ఉద్యోగం తిరుపూరులో. నేనూ ఒక బనియన్ల కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర చేరాను. తమిళం రాక మొదటి నెల ఏడుపు ఒక్కటే తక్కువ. కానీ ఊరు చూస్తుంటే కొత్తనిపించలేదు. అల్లిక ఒకచోట, అద్దకం ఇంకోచోట, ప్రింటింగ్ మరోచోట, లేబుళ్లు నేసేది వేరే ఎవరో. గుడ్డ చుట్టలు వేసుకుని వ్యాన్లు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఊరంతా ఒకే ఫ్యాక్టరీ, రోడ్లు దాని వరండాలు. మా సందునే పట్టుకుని సాగదీసినట్టుండేది.

2011 జనవరిలో నొయ్యల్ నది కాలుష్యం కేసులో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లని మూసేయమంది. మూతపడినవి ఏడు వందలకి పైనే. నది కింద పొలాలున్న రైతుల గోడు ఏళ్ల నాటిది, దాన్ని కాదనను. ఇక్కడ మాకు మాత్రం మిషన్లున్నాయి, కుట్టే పిల్లలున్నారు, ఆర్డర్లున్నాయి, రంగు గుడ్డ లేదు. నా టేబుల్ ఖాళీ. తెల్లటి చుట్టలు గోడల వెంబడి పేర్చి ఉన్నాయి. వాటిని చూస్తే మేకులకి వేలాడుతున్న నలభై షర్టులు గుర్తొచ్చాయి. అయితే ఇక్కడ ఒక రాత్రి కూర్చుంటే తీరే పని కాదు. మాతో కుట్టే ఒరియా పిల్లలు కొందరు పెట్టె సర్దుకుని ఊళ్లకి పోయారు. వాళ్లని ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్లాను.

*

రెడీమేడ్ వచ్చి టైలర్లని చంపేసిందని మావాళ్లందరూ అంటారు. దినం భోజనాల దగ్గర కూడా అదే మాట. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. మా సందులో ముందు పోయింది టైలర్లు కాదు. మొదట సందు మొగలో ఒకాయన కాజా మిషను పెట్టాడు. తాత గోనెపట్టా చుట్టేశాడు. నాలుగేళ్లకి షర్టులు తగ్గి, మిషనుకి సరిపడా పని లేక, ఆ మిషనాయన దాన్ని తీసుకుని విశాఖపట్నం పోయాడు. అప్పుడు కాజాలకి షర్టులు ఎక్కడికో ఆటోలో పంపాల్సి వచ్చేది, రెండు రోజులు ఆలస్యం. ఈలోగా రంగుల మావ కాగులు దించేశాడు. దుకాణాల్లోనే అన్ని రంగుల లైనింగులూ దొరుకుతుంటే ఆయన దగ్గరికి ఎవరెళ్తారు? అలా చిన్న చేతులు ఒక్కొక్కటీ పోయాక మా నాన్న కుట్టే షర్టు రెడీమేడ్ కంటే ఖరీదైంది, ఆలస్యమూ అయింది. చివరికి పోయింది ఆయన మిషను.

అలాగని సందు చచ్చిపోలేదు. బట్టల కొట్టు అరుగు మీద సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి గాని, లోపలికి పోతే జాకెట్లు కుట్టే బొటిక్కులు నాలుగున్నాయి. వాటి పక్కనే ఫాల్, పీకో. మేడ మీద మగ్గం వర్క్. బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు చెక్కఫ్రేముకి బిగించిన గుడ్డకి అటూ ఇటూ కూర్చుని పూసలు ఎక్కిస్తున్నారు. ఒకరి ఆర్డరు ఒకరికి పంపుకోవడం, పూస తక్కువైతే పక్కింటికి పరిగెత్తడం, అదంతా మళ్లీ మొదలైంది. షర్టు పోయిన చోట జాకెట్టు వచ్చి కూర్చుంది.

తాత మనవరాలు అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో చేస్తోందట. ఏం కుడతావే అని అడిగాను. "ఎడం చెయ్యి, పెద్దమ్మా" అంది. అర్థం కాలేదు. షర్టుకి ఎడమ చెయ్యి అతకడమే తన పని, రోజంతా అదే. కుడి చెయ్యి వెనక వరసలో అమ్మాయిదట. కాజాలు ఎవరు వేస్తారంటే, "అది మిషనే వేసుకుంటాది" అని నవ్వింది.

బయల్దేరే ముందు బొత్తాల కొట్టుకి వెళ్లాను. నాన్న ఆఖరుగా కుట్టుకున్న షర్టు ఒకటి నా దగ్గరుంది, గళ్లది, రెండో బొత్తాం ఊడిపోయింది. దాన్ని సంచిలో పెట్టుకొచ్చాను. బాబాయి కొడుకు కూర్చున్నాడు. సొరుగులున్నాయి. షర్టు చేతికి తీసుకుని, చెప్పులేసుకుని, రోడ్డు మీదికి వచ్చి ఎండలో పట్టుకున్నాడు. లోపలికి వెళ్లి ఒక అట్ట తీశాడు. సరిగ్గా అదే.

"ఒక్కటి చాలు" అన్నాను.

"ఇడిగా ఇవ్వట్లేదక్కా. అట్ట మొత్తం తీసుకోవాల. పన్నెండుంటాయి."

తీసుకున్నాను. రైల్లోనే కుట్టేశాను. ఇంకా పదకొండు ఉన్నాయి.